నల్ల బోల్టులు

ఏప్రిల్ 9

చెల్లికి,

ఫోను నువ్వే పెట్టేశావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఒక రకంగా ఇదే నయం. ఫోనులో మనిద్దరం మనుషుల్లా మాట్లాడుకుని ఎన్నాళ్లయింది? ఉత్తరంలో అయితే నేను చెప్పేది పూర్తయ్యేదాకా నువ్వు అడ్డుపడలేవు.

పిచ్చుకని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాం. దారి పొడుగునా గతుకు వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుంది కానీ మూలగలేదు. మోచేతిలో ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. నట్లూ బోల్టులూ అమ్ముకుని బతికేవాణ్ణి, చివరికి నా కూతురి ఎముకలోనే స్క్రూలు చూడాల్సి వచ్చింది. గడ్డం కింద కుట్లు వేశారు. నోరు పూర్తిగా తెరవలేదు. మీ వదిన గ్లాసులో గొట్టం వేసి పాలు తాగిస్తోంది.

చదువుకుంటుందని నీ ఇంట్లో ఉంచాం. మేనత్త ఉంది కదా, మనకేం భయమని మీ వదినకి ధైర్యం చెప్పింది నేనే. నువ్వేమో దానికి స్కేట్‌బోర్డట, ఆ చక్రాల చెక్క ఎక్కడం నేర్పావు. నీకు పెళ్లి పెటాకులయ్యాక కొత్త సరదా పుట్టింది, పుట్టనీ, నేను ఏనాడైనా కాదన్నానా? నీ ఒళ్లు నీ ఇష్టం. పిల్ల ఒళ్లు నీ ఇష్టం కాదు.

ఆ చెక్కని కారు డిక్కీలో వేసుకొచ్చాను. నీకు ముద్దుగా తిరిగిద్దామని కాదు, ఏం జరిగిందో చూద్దామని. వెనక చక్రాలు పట్టుకునే ఇనప ముక్క మొత్తం ఊడిపోయింది. దాన్ని ట్రక్కు అంటారట, పిచ్చుక చెప్పింది. నాలుగు బోల్టుల్లో రెండింటికి నట్లే లేవు. మిగిలిన రెండింటికి మర చివర కాస్త అరిగి ఉంది, నట్టు అక్కడ గోరంత పట్టుకుని వేలాడిందన్నమాట. బోల్టులు పొట్టివి. కొట్టులో పనికి చేరిన మొదటి రోజు వాడికి కూడా తెలుస్తుంది అవి పొట్టివని.

నువ్వు బస్సు నడుపుతావు. రోజూ బండి తీసేముందు చక్రాల నట్లు తట్టి చూస్తావని గొప్పగా చెప్పేదానివి. బస్సుకున్న శ్రద్ధలో వందో వంతు చెక్కకి ఉంటే ఈ పిల్ల ఇప్పుడు గొట్టంతో పాలు తాగేది కాదు.

ఇంకేం రాయను. రాస్తే బాగుండదు.

అన్నయ్య


ఏప్రిల్ 15

అన్నయ్యకి,

రాస్తే బాగుండదని రాసేముందే పేజీన్నర రాశావు. బాగుంది.

పిచ్చుక ఎలా ఉందని నేను రోజూ వదినని అడుగుతూనే ఉన్నాను. కుట్లు మొన్న విప్పారట. దానికి నీ నుంచి ఒక్క కార్డు ముక్క లేదు. నీకు తిట్టడానికి తప్ప సిరా ఉండదు.

మొదట బోల్టుల సంగతి. లాంగ్‌బోర్డుకి పెద్ద చక్రాలు వేయించినప్పుడు అవి చెక్కకి ఒరుసుకోకుండా ట్రక్కు కింద మందపాటి రబ్బరు మెత్తలు పెట్టాలి. మెత్త మందం పెరిగితే బోల్టు పొడవూ పెరగాలి. చెక్క మందం, మెత్త మందం, ట్రక్కు అడుగు మందం, నట్టు ఎత్తు, ఆ పైన నట్టు దాటి రెండు మరలు బయటికి కనబడాలి. ఇవన్నీ కలిపి స్కేలు పెట్టి కొలిచి నీకే ఫోను చేశాను. అంగుళం ముప్పావు, పైతల చదునుగా ఉండేవి, నైలాన్ రింగున్న నట్లతో పంపమన్నాను. పంపింది నువ్వు. నీ కొట్టు బోల్టులు. ఇప్పుడు పొట్టివని నన్నంటున్నావా? ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికెవడో. నువ్వు మద్దెల అమ్మినవాడివై ఉండి ఆ మాటంటున్నావు.

బిగించాక ఊరుకోలేదు. రబ్బరు మెత్త కదా, ఎక్కి తిరిగిన కొద్దీ అణుగుతుంది, నట్టు వదులవుతుంది. అందుకే మొదట రెండు మూడుసార్లు తిరిగాక మళ్లీ పానా పట్టాను. ఆ తర్వాత ప్రతి సెలవు రోజూ చూసేదాన్ని. ప్రమాదం జరిగిన వారం మాత్రం చూడలేదు. ఇంకో డ్రైవరుకి జబ్బు చేస్తే వాడి డ్యూటీ కూడా నేనే చేశాను. ఇంటికొచ్చి బూట్లతోనే నిద్రపోయేదాన్ని.

పిచ్చుక ఏడ్చి గోల పెట్టలేదు, చెప్పనా? నేను పరిగెత్తుకెళ్లేసరికి కొండ కాలనీ రోడ్డు మలుపులో కూర్చుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, “అత్తా, నాన్నకి చెప్పకు” అంది. రక్తం కారుతున్న గడ్డంతో ఆ పిల్లకి మొదట గుర్తొచ్చింది నీ అరుపు. అది కాస్త ఆలోచించు.

ఇక రెండో సంగతి. ఆస్పత్రి వరండాలో నర్సు, ఆయా, బెంచీల మీద ఎవరెవరో కూర్చుని ఉండగా నువ్వు ఒక మాటన్నావు. “సొంత పిల్లలుంటే తెలిసేది” అన్నావు. నేను విననట్టు ఊరుకున్నానని నువ్వు అనుకుని ఉంటావు. విన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు, మాట జారితే తీసుకోలేమంటారు. నువ్వు తీసుకుని తీరాలి.

ఇక్కడ కింది వాటా వాళ్లు చిలకని పెంచుతున్నారు. అది పొద్దున్నే ఇంటాయన గొంతుతో పెళ్లాన్ని తిడుతోంది. నీ ఉత్తరం చదువుతుంటే దాని గొంతే వినిపించింది.

చెల్లి


ఏప్రిల్ 21

చెల్లికి,

చిలక సంగతి తర్వాత.

నా కొట్టు మీద మచ్చ వేశావు కాబట్టి ముందు దానికి జవాబు. నీ ఉత్తరం చదివి ఆ చెక్కని మళ్లీ బల్ల మీద పెట్టాను. మిగిలిన బోల్టులన్నీ ఊడదీశాను. ముందు ట్రక్కువి కూడా. అన్నీ అంగుళంపావు. అన్నీ నల్లవి. నేను పంపినవి తెల్లపూత వేసినవి. నేను నల్లవి అమ్మను, ఎప్పుడూ అమ్మలేదు. ఆ నల్లరంగు కింద తుప్పు దాక్కుంటుందని నాన్నకి పడేది కాదు, నాకూ పడదు. వాటి తలలు చూస్తే ప్లస్ గాట్లు అప్పుడే అరిగి గుండ్రంగా అయిపోయాయి. మెత్తటి ఇనుము. ఎవరో సరిపోని స్క్రూడ్రైవరు పెట్టి గింగిరాలు తిప్పినట్టుంది.

అంటే నేను పంపినవి తీసేసి ఎక్కడో చవగ్గా దొరికినవి వేశావు. పైగా నా మీదికి నెట్టావు. అక్కడ స్కేలు పెట్టి కొలిచాననీ, ఇక్కడ రెండు మరలు బయటికి రావాలనీ నాకే పాఠం చెప్పావు. పాఠం బాగా వచ్చు, బిగించడమే రాలేదు. అబద్ధమాడితే అతికినట్టుండాలి.

నువ్వు రాసిన మాట గురించి. పిల్ల ఆపరేషను గదిలో ఉంది. ఆ సమయంలో తండ్రి నోటి వెంట ఏదో వస్తుంది. దాన్ని పట్టుకుని వేలాడడం నీకే చెల్లింది.

ఇంకొకటి. నాకు నిద్ర పట్టడం లేదు. ఎనిమిది నట్లు చూసుకోలేని మనిషి చేతిలో బస్సెడు జనం ప్రాణాలున్నాయన్న ఆలోచన వదలడం లేదు. అందుకని సోమవారం మీ డిపోకి ఫోను చేసి సూపరింటెండెంటుతో మాట్లాడాను. జరిగింది చెప్పాను. చెప్పకపోతే రేపు ఎవరికైనా ఏదైనా అయితే ఆ పాపం నాది కూడా. నీకు కోపం వస్తుందని తెలుసు. రానీ.

కొట్టు పైకప్పు మళ్లీ కారుతోంది. వాషర్ల డబ్బాలు అన్నీ తడిశాయి. గోరుచుట్టు మీద రోకటి పోటు.

అన్నయ్య


ఏప్రిల్ 30

నట్లు బోల్టుల కొట్టు యజమాని గారికి,

మీ ఫోను పనిచేసింది. సంతోషించండి.

విచారణ అయ్యేదాకా నన్ను బస్సు దించేశారు. డిపో వెనక పోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. కిటికీ లేని గది. గోడ పొడుగునా జనం బస్సుల్లో మరిచిపోయిన గొడుగులు, ఒంటి చెప్పులు, టిఫిన్ డబ్బాలు. డబ్బాల్లో కొన్నింటిని తెరవడానికి నాకు ధైర్యం లేదు. ఒక అట్టపెట్టెలో ఎవరివో కట్టుడు పళ్లున్నాయి. పళ్లు మరిచిపోయి దిగిన మనిషి ఇంటికెళ్లి ఏం తిన్నాడో, ఎవరిని కొరికాడో అని రోజంతా ఆలోచిస్తుంటాను. వేరే పనేముంది?

క్యాంటీనులో నాకు కొత్త పేరు పెట్టారు. లూజు నట్టు. మొదటిరోజు నా వెనక అనుకున్నారు, ఇప్పుడు టీ గ్లాసు చేతికిస్తూనే అంటున్నారు. నేను ఒక్క గీత పడకుండా బండి నడిపినదాన్ని. ఇంతమంది మగాళ్ల మధ్య స్టీరింగు పట్టుకోవడానికి నేను ఏమేం పడ్డానో నీకు తెలుసు. అప్పుడు నువ్వే కదా డిపో గేటు దాకా దిగబెట్టి, “ఎవడన్నా ఏమన్నా అంటే నాకు చెప్పు” అన్నావు. ఇప్పుడు నీకే చెబుతున్నాను. అన్నది నువ్వే.

నేను నల్ల బోల్టులు కొనలేదు. నా జన్మలో కొనలేదు. నువ్వు పంపిన తెల్లవే నా చేత్తో ఎదురెదురు మూలలు మార్చుకుంటూ బిగించాను. ఒక పక్కే బిగిస్తే ట్రక్కు వంకరగా కూర్చుంటుందని అలా చేశాను. ప్లస్ గాట్లలా అరగకుండా ఉండాలని తలలో ఆరుపలకల గుంత ఉండి ఎలెన్ కీ పట్టేవి అడిగాను, అవే పంపావు. నువ్వు చూస్తున్నవాటికి ప్లస్ గాట్లు ఉన్నాయని నువ్వే రాశావు. ఇంకేం కావాలి నీకు? నా ఇంట్లో ఉన్నది ఇద్దరమే. మార్చింది నేను కాదు. పిచ్చుకని అడుగు.

చెల్లి


మే 6

చెల్లికి,

ఉత్తరం చదివాను. కాసేపు బయట నిలబడి వచ్చి రాస్తున్నాను.

చివరికి పిల్ల మీదికి తోశావు. చెయ్యి మడవలేక, జడ కూడా వాళ్లమ్మ వేస్తే తప్ప వేసుకోలేక, గోడకేసి తిరిగి పడుకుంటున్న పిల్ల మీదికి. దానికి స్పానరుకీ స్క్రూడ్రైవరుకీ తేడా తెలుసా? నేను ఏనాడైనా దాన్ని కొట్టు మెట్టు ఎక్కనిచ్చానా? చేతులకి గ్రీసు అంటకుండా పెంచాను. నువ్వు అడగమన్నా నేను అడగను. దాని ముందు నీ పేరెత్తితే అది కళ్లనీళ్లు పెట్టుకుని పక్కకి తిరుగుతోంది. అంత భయపెట్టావా దాన్ని? నాకు చెప్పొద్దని నేర్పింది నువ్వేనా?

“అడిగితే తప్పేముంది?” అంది మీ వదిన. తనూ నీ పక్షమే. మూడు రోజులుగా కంచం నా ముందు పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోతోంది.

నీ ఉద్యోగం పోలేదు కదా. గొడుగుల మధ్య కూర్చుంటే అరిగిపోవులే.

ఇక నువ్వు రాయొద్దు, నేనూ రాయను. ఆ చెక్క ఇంకా నా కొట్టు వెనక గదిలో ఉంది. కళ్లబడ్డప్పుడల్లా కడుపు మండుతోంది. రేపు పైపులు కోసే రంపంతో రెండు ముక్కలు చేస్తాను. నీకు ప్రాణమైన వస్తువని తెలిసే చేస్తున్నాను.

ఇట్లు,
ఒకప్పటి అన్నయ్య


మే 19

చెల్లికి,

రాయనన్నవాణ్ణి రాస్తున్నాను. నువ్వు చింపేస్తే చింపెయ్, ముందు చదువు.

అన్నమాట ప్రకారం చెక్కని వైసు దవడల్లో బిగించి రంపం పెట్టాను. గట్టి చెక్క, పొరలు పొరలుగా అతికించింది. సగం తెగింది. కొట్టులో ఒకాయన తలుపులకి కీలు బందులు కొనడానికొచ్చి, నాకేమైందోనని తలుపు దగ్గరే నిలబడి చూస్తున్నాడు. అప్పుడు పిచ్చుక కొట్టు మెట్లెక్కి వచ్చింది. చెయ్యి మెళ్లో గుడ్డకి వేలాడుతోంది.

“ఆపు నాన్నా. బోల్టులు మార్చింది నేనే.”

నాకు వినపడలేదు, రంపం ఆపాను. మళ్లీ అంది.

“ఎందుకు మార్చావు?” అన్నాను.

“కొండ మీద చెక్కలెక్కే వాళ్లందరూ నవ్వారు. తెల్లవి బీరువా తలుపు బోల్టుల్లా ఉన్నాయన్నారు. నల్లవైతే బాగుంటాయని కొన్నాను. కొట్టతను సైజెంత అంటే మామూలుదే అన్నాను.”

“మామూలుదా? అంత లావు రబ్బరు మెత్త ఉంటే?”

“మెత్త సంగతి గుర్తు లేదు. నట్టు ఎక్కింది కదా, సరిపోయిందనుకున్నా. అత్త డ్యూటీకి వెళ్లినప్పుడు మార్చా. మర్నాడే పడ్డా.”

నట్టు ఎక్కడం వేరు, పట్టడం వేరు. ఎక్కిన నట్టులో నైలాన్ రింగు దాకా బోల్టు రావాలి, అప్పుడే అది అదురుకి తట్టుకుంటుంది. అది రాలేదు. మెత్త అణిగేసరికి మిగిలినదీ వదిలేసింది. ఇదంతా నేను దానికి చెప్పబోతే అది నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. బాగున్న చెయ్యి.

“ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే?”

“నువ్వు చెప్పనిచ్చావా? ఆస్పత్రికొచ్చిన దగ్గర్నుంచీ అరుస్తూనే ఉన్నావు. చెబుదామని నోరు తెరిచేసరికి అత్తని ఆ మాటన్నావు. ఏ తప్పూ చేయని అత్తనే అంత మాటంటే నన్నేమంటావోనని భయమేసింది. అత్తయితే తట్టుకుంటుందిలే అనుకున్నా.”

ఆ కీలు బందులాయన ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు.

మర్నాడే మీ డిపోకి వెళ్లాను. ఫోను కాదు, మనిషినే వెళ్లాను. నిన్ను కలవాలనుకుని గేటు దగ్గర ఆగాను కానీ ఆ సామాన్ల గది వైపు కాళ్లు కదల్లేదు. సూపరింటెండెంటుకి జరిగింది చెప్పి నా ఫిర్యాదు తప్పన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ విని, “మా డ్రైవర్లకి చక్రాల నట్లు చూసుకోవడం మేం నేర్పుతాం. మీ ఇంట్లో నోళ్లు మీరు చూసుకోండి” అన్నాడు. తల దించుకుని వచ్చాను.

నాది పొరపాటే. ఒప్పుకుంటున్నాను. అయినా అలాంటి వస్తువు గుమ్మం పక్కన నిలబెట్టి వెళ్తే పిల్లలు ముట్టుకోరా? నువ్వు తాళం వేసుకోవాల్సింది. ఏదో, తిలా పాపం తలా పిడికెడు. జరిగిందేదో జరిగింది, ఇక మరిచిపోదాం. మీ వదిన నిన్ను రమ్మంటోంది.

అన్నయ్య


మే 27

అన్నయ్యకి,

మళ్లీ బస్సు ఇచ్చారు. పాత బండే, క్లచ్ మాత్రం కొత్తది, ఎడమకాలు ఇంకా దానికి అలవాటు పడలేదు. లూజు నట్టు పేరు మాత్రం వెనక్కి తీసుకోలేదు. పేర్లు బస్సుల్లా కాదు, ఒకసారి బయల్దేరితే డిపోకి రావు.

తలా పిడికెడు అన్నావు. పిచ్చుక పిడికెడు నేను చూశాను. అది నిన్న ఫోను చేసి ఏడ్చింది, నేను తిట్టాను, బాగా తిట్టాను, నీకంటే బాగా. తర్వాత ఇద్దరం మామూలుగా మాట్లాడుకున్నాం. నా పిడికెడు ఏదో చెప్పు. ఇంట్లో నా వస్తువుని గుమ్మం పక్కన పెట్టుకోవడమా? పంతొమ్మిదేళ్ల పిల్ల దగ్గర తాళాలు వేసుకోవాలా? నువ్వు దానికి పానా పట్టుకోవడం నేర్పి ఉంటే అది ఆ బోల్టు వంక ఒక్కసారి చూసి పారేసేది. నట్లు బోల్టుల కొట్టువాడి కూతురికి మర ఎంత పట్టాలో తెలియదు, ఎందుకంటే చేతులకి గ్రీసు అంటకూడదు. ఆ పిడికెడు నీది. దాన్ని నా ఒళ్లో పోయకు.

ఇక అసలు సంగతి. నువ్వు డిపోలో వెనక్కి తీసుకున్నది ఫిర్యాదు. మాట కాదు. ఉత్తరమంతా వెతికాను. కీలు బందులాయన ఉన్నాడు, సూపరింటెండెంటు కళ్లద్దాలు ఉన్నాయి, ఆ మాట లేదు. పిచ్చుక నోటితో ఒకసారి వచ్చింది, అదీ “ఆ మాట” అని. నీకు రాయడానికి కూడా సిగ్గుగా ఉన్న మాటని నా మొహాన అనడానికి సిగ్గు లేకపోయింది.

నాకు పిల్లలు ఎందుకు లేరో ఈ ప్రపంచంలో నాకంటే బాగా తెలిసిన మనిషివి నువ్వు. కడుపు నిలవని రెండుసార్లూ ఆస్పత్రి గది బయట బెంచీ మీద కూర్చున్నది నువ్వే. మా ఆయన రాలేదు, నువ్వొచ్చావు. రెండోసారి నన్ను ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టావు. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు, ఇంటికొచ్చాక నా కాళ్లకి దుప్పటి కప్పావు. ఆ మనిషివై ఉండి ఆ మాటన్నావు. వేరేవాడెవడైనా అంటే నేను మర్నాటికి మరిచిపోయేదాన్ని.

అన్నది నలుగురి ముందు. పొరపాటన్నది కాగితం మీద, అదీ మడతపెట్టి, అంటించి. నాకు ఈ లెక్క నచ్చలేదు.

సగం కోసిన చెక్క నాకు పంపకు. అతికించినా అది మనిషి బరువు మోయదు. కొట్టు గోడకి తగిలించుకుని చూస్తూ ఉండు.

నేను రాను. వదినకి చెప్పు, తన మీద నాకేం కోపం లేదు.

చెల్లి


జూన్ 5

చెల్లికి,

గోడకి తగిలించుకుని చూస్తూ ఉండు అంటే ఏమిటి అర్థం? బెదిరింపా? తప్పన్నాను, డిపోకి వెళ్లాను, ముక్కూ మొహం తెలియనివాడి చేత మాటపడ్డాను. ఇంకా ఏం చేయమంటావు? ఊళ్లో చాటింపు వేయించనా? గాడిద మీద ఊరేగమంటావా?

పిచ్చుక వారానికి మూడు రోజులు చెయ్యి వంచడం నేర్చుకోవడానికి వెళ్తోంది. మిగిలిన రోజులు కొట్టులో నా పక్కన కూర్చుంటోంది. ఎవరో నీళ్ల పంపు బిగించుకోవడానికి బోల్టులడిగితే, “ఏమేం కలిపి ఎంత మందం బిగించాలి?” అని అదే అడిగింది. నేను వెనక్కి తిరిగి డబ్బాలు సర్దుకున్నాను.

మీ వదినకి నీ ఉత్తరం చూపించాను. చదివి మడిచి నా జేబులో పెట్టింది. “బెదిరింపు కాదు, ఆమెకి ఏం కావాలో చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది” అంది. నాకు అర్థం కావడం లేదని అనుకుంటున్నారు మీరందరూ. అర్థమైంది. అర్థం కావడం కష్టం కాదు.

అన్నయ్య


జూన్ 24

అన్నయ్యకి,

గురువారం నువ్వు నా బస్సు ఎక్కావు.

మొదటి స్టాపులో, జనం ఇంకా సీట్లు చూసుకుంటుండగా. నేను అద్దంలో చూశాను. ముందు వేరే ఎవరో అనుకున్నాను, అంత చిక్కిపోయావు. చేతిలో టిక్కెట్టు పట్టుకుని, రాడ్డు పట్టుకుని, కూర్చోకుండా నిలబడ్డావు. ఇంజను ఆన్ చేసి ఉంది. ఆపనా వద్దా అని ఆలోచించేలోపే నువ్వు మొదలుపెట్టావు.

“ఈ బస్సు నడుపుతున్న ఆవిడ నా చెల్లెలు. ఆస్పత్రిలో పదిమంది ముందు, నీకు సొంత పిల్లలుంటే తెలిసేదని అన్నాను. అది అనకూడని మాట. నా కూతురు పడిపోయింది దీనివల్ల కాదు. ఇది బిగించిన బోల్టులు సరిగ్గానే ఉన్నాయి. డిపోలో దీన్ని లూజు నట్టు అంటున్నారట. లూజు నోరు నాది.”

అంతా విన్నాను. చివరికొచ్చేసరికి నీ గొంతు చీలింది, నాన్న గొంతులా. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే బస్సు నడపలేను. మా కండక్టరు ఏం చేయాలో తోచక నీకు రెండో టిక్కెట్టు కొట్టాడు. ముందు సీట్లో పెద్దావిడ సంచి ఒళ్లో పెట్టుకుని నిన్ను పైకీ కిందికీ చూసి, “అయిందా నాయనా? అయితే కూర్చో. బస్సు కదలాలి” అంది. నువ్వు కూర్చున్నావు. ఆఖరి స్టాపు దాకా కూర్చున్నావు. నేను దిగి వచ్చేసరికి వెళ్లిపోయావు. ఆగొచ్చు కదా. అక్కడ కూడా నా మాట వినకుండానే వెళ్లిపోవాలా?

క్యాంటీనులో కండక్టరు అందరికీ చెప్పేశాడు. టీ ఇచ్చే అతను పొద్దున గ్లాసు ఇస్తూ అలవాటుగా “లూ” దాకా అని ఆగాడు. తర్వాత మేడం అన్నాడు. అది ఇంకా చిరాకుగా ఉంది.

కోపం పోయిందా అని నన్నడగొద్దు. పోలేదు. నిన్న మెట్లు తుడుస్తుంటే మళ్లీ ఆ వరండా గుర్తొచ్చి చీపురు విసిరేశాను. కింది వాటా చిలక నన్ను చూసి తలకిందులుగా వేలాడింది. ఇది ఇంకా కొన్నాళ్లుంటుంది. నువ్వు మళ్లీ మళ్లీ క్షమాపణ చెప్పి దాన్ని తొందర పెట్టకు. బోల్టుని కూడా తల చెక్కలోకి దిగబడేదాకా బిగిస్తే పొరలు చిట్లుతాయి. తల చెక్కతో సమానంగా కూర్చుంటే చాలు, అక్కడ ఆగాలి. అరవై ఏళ్లొస్తున్నాయి, ఆగడం నేర్చుకో.

కొత్త చెక్క కొన్నాను. వచ్చే ఆదివారం డాక్టరు సరేనంటే పిచ్చుక ఇక్కడికి వస్తానంది. ఎక్కడానికి కాదు, ఇంకా కొన్ని నెలలు ఎక్కనివ్వను. ట్రక్కులు అదే బిగిస్తుంది. మెత్త, చెక్క, ట్రక్కు అడుగు అన్నీ కొలిచి బోల్టు పొడవు అదే చెప్పాలి. నేను పక్కన కూర్చుని తప్పు చేస్తే అరుస్తాను. పాత నట్లు వాడనివ్వను, రెండు మూడుసార్లు విప్పిన నట్టులో నైలాన్ పట్టు వదిలేస్తుంది. వానలో తిరిగొచ్చాక తుడవకపోతే ఏమవుతుందో కూడా చూపిస్తాను, తుప్పు పట్టినవి నా దగ్గర రెండున్నాయి.

నువ్వూ వదినా దాన్ని తీసుకురండి. బస్సులో రావద్దు, కారులో రండి, మళ్లీ మా కండక్టరుకి పని పెట్టకు.

నేను కోపంగానే తలుపు తీస్తాను. నా మొహం చూసి మెట్ల మీంచి వెనక్కి తిరగొద్దు. లోపలికి రా.

చెల్లి